ఒగ్గీ అన్నాడు, ఒగ్గేశాను

ఆ బండిని మొదటిసారి చూసిన రోజే మా బావ నా ముందుపన్ను విరగ్గొట్టాడు. కోపంతో కాదు, సంతోషంతో. శృంగవరపుకోట శివారులో ఒక మెకానిక్ షెడ్డు వెనక, పాత టైర్ల మధ్య, బురదరంగు వ్యాను ఒకటి నిలబడి ఉంది. లోపల మంచం, గ్యాసుపొయ్యి, నీళ్ల ట్యాంకు, కిటికీలకి దోమతెరలు. డ్రైవరు సీటు పక్కన మామూలు గేరు కర్ర కాక ఇంకో పొట్టి కర్ర. ఆ పొట్టి కర్ర చూడగానే బావ "ఒరే, నాలుగు సెక్రాలూ లాగుతాయిరా!" అంటూ చెయ్యి వెనక్కి విసిరాడు. వెనక నేనున్నాను.

నోట్లో రక్తం ఊసేసి ఆయన వీపు మీద నేనూ ఒక్కటిచ్చాను. ఆయన పకపకా నవ్వాడు. మా ఇద్దరికీ అది మామూలే. ఆయన మా మేనమామ కొడుకు, తర్వాత మా అక్క మొగుడయ్యాడు. నాకన్నా మూడేళ్లు పెద్ద. ఊహ తెలిసినప్పటి నుంచీ కొట్టుకోకుండా మాట్లాడుకున్న రోజు నాకు గుర్తు లేదు. పొలం గట్టు మీద కొట్టుకున్నాం, సినిమా టిక్కెట్ల వరసలో కొట్టుకున్నాం, పెళ్లిపీటల మీద కూర్చుని కూడా ఆయన మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. ఒకరోజు ఆయన చెయ్యి నా మీద పడకపోతే ఒంట్లో బాగోలేదా అని అడిగేవాణ్ని. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ బండి వల్ల మూడేళ్లపాటు ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. ఆ మూడేళ్లు నేనెలా బతికానో నాకే తెలుసు.

అది రాష్ట్రం రెండు ముక్కలు కావడానికి ముందు ఏడాది. నాకు నరసన్నపేటలో ఎరువుల కొట్టుండేది. బావకి పక్క ఊళ్లో వరి. ఆయనకి కొత్తగా చేతికొచ్చిన పెద్ద ఫోనులో ఎవరో లేహ్ దాకా బండి నడుపుకుంటూ వెళ్లిన వీడియోలు చూసి మతి పోయింది. దారికి రెండు పక్కలా మంచు గోడలు, బండిలోనే వంట, బండిలోనే పడక. "ఒరే, మన జిల్లాలో మంచు మీద ఉచ్చ పోసినోడు ఎవుడైనా ఉన్నాడేటి? మనమే పోద్దాం" అనేవాడు. వినడానికి మోటుగా ఉంటుంది కానీ, నడివయసులో మాకు పుట్టిన ఒకే ఒక్క కోరిక అది. మా అక్క నెత్తి కొట్టుకునేది.

కొనేటప్పుడు మాటలతో తేలలేదు. ఆ బండి ముందు ఏజెన్సీ ఊళ్లకి మందులు మోసిందట, తర్వాత పక్షుల ఫొటోలు తీసే ఒక జంట కొనుక్కుని లోపల ఇల్లు అమర్చుకున్నారట. మెకానిక్ ఈ కథ చెబుతూ ఉండగా బావ బండి కిందకి దూరి, కొత్తగా రంగు వేసిన చోటల్లా స్క్రూడ్రైవరుతో పొడుస్తున్నాడు. ఒకచోట పిడి దాకా దిగిపోయింది. బయటికొచ్చి, "నీ మొకం మండ! తుప్పు మీద రంగు పూసి అమ్మేస్తావేటి?" అని మెకానిక్ చొక్కా పట్టుకున్నాడు.

"తుప్పు నేని బండి కావాలంటే షోరూముకి పో!" అని మెకానిక్ బావ ఛాతీ మీద తన్నాడు.

మా బావని నేను కొట్టొచ్చు. బయటివాడు కొడితే ఊరుకుంటానా? మెకానిక్ని పట్టుకుని టైర్ల కుప్ప మీదకి తోసేశాను. ఆయన లేచి చేతికందిన జాకీ రాడ్డు విసిరాడు. నేను వంగాను. అది వెళ్లి అమ్మకానికున్న ఆ వ్యాను ముందద్దానికే తగిలింది. అద్దం భళ్లున రాలింది. ముగ్గురం ఆయాసపడుతూ దానివైపే చూస్తూ నిలబడ్డాం. విసిరింది నువ్వు, విసిరించింది మీరు అని కాసేపు అరుచుకున్నాం. ఆ తర్వాత ఆ బండిని అక్కడ వదిలేసి రావడానికి మాకూ మొహం చెల్లలేదు, కొనొద్దనడానికి ఆయనకీ నోరు రాలేదు. అలా కొన్నాం. సంతకాలు పెడుతున్నప్పుడు కూడా మెకానిక్ ముక్కులోంచి రక్తం కారుతోంది.

తేవడానికి ముందు బావ బండిని ఘాట్ రోడ్డు మీదకి తీసుకెళ్లి, ఏటవాలులో నాలుగైదు సార్లు ఆపి చూశాడు. దిగి వచ్చి, "బ్రేకులు మాత్రం బంగారంరా. కాలెట్టి నొక్కితే బండి బండరాయిలాగ నిలబడిపోతాది" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి. నేను మాత్రం మూడేళ్లపాటు దీన్ని మరిచిపోవాలనే చూశాను.

ఇంకో సంగతి. ఆ బండికి ముందు చక్రాలు లాగాలంటే పొట్టి కర్ర ఒక్కటే చాలదు. కిందకి దిగి ఒక్కో ముందు చక్రం నడిబొడ్డున ఉన్న మర చేత్తో తిప్పాలి. మెకానిక్ అది మాకు చెప్పలేదు. చెప్పేలోపలే మేం ఆయన చొక్కా చింపేశాం.

అద్దం కొత్తది వేయించాక ఒక ఆదివారం పొద్దున్న భావనపాడు వెళ్లాం. "మంచులో నడవాలంటే ముందు ఇసకలో నడవాల" అన్నది బావ లెక్క. తీరం చేరాక నేను స్టీరింగు పట్టుకున్నాను. ఇసకలో నీళ్ల అంచు దాకా దిగి, గట్టు వైపు మళ్లించి ఎక్కిస్తుంటే బండి కూలబడిపోయింది. పొట్టి కర్ర అటూ ఇటూ లాగి చూశాను. వెనక చక్రాలే తిరుగుతున్నాయి, గొయ్యి తవ్వుకుంటున్నాయి. ముందువి కదలడం లేదు. వెనకాల సముద్రం. పోటు మొదలవుతోంది.

అప్పుడే వేట నుంచి వచ్చిన పడవల్ని ఒడ్డుకి లాగి మత్స్యకారులు ముప్పై మంది దాకా అక్కడ కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దాయన లేచి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. నల్లటి ఒళ్లు, బొంగురు గొంతు. పడవ లాగే మోకుతాడు దగ్గర అందరూ కలిసి లాగేలా పిలుపు ఇచ్చేది ఆయనే. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "పడవనే లాగీసినోలం, ఇదేటి బాబూ" అని మోకు తెప్పించి ముందు కొక్కేనికి కట్టించాడు. నా కిటికీ దగ్గరికి వచ్చి చెప్పాడు: "నా గొంతు ఇంటేనే ఈళ్లు లాగుతారు, నా గొంతు ఇంటేనే మోకు ఒగ్గుతారు. ఇంకెవుల మాటా ఇనరు. నువ్వు కంగారు పడకు."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయనకి ఎంత గర్వమో! ముప్పై మంది ప్రాణాలు ఆయన గొంతు మీద ఉంటాయి మరి. మోకు ఒకడు ముందు వదిలి ఒకడు తర్వాత వదిలితే వేళ్లు తెగిపోతాయి.

మొదటి రెండు లాగుళ్లకి బండి మూరెడు కదిలి ఆగింది. చక్రాల కింద బావ పలకలు దూరుస్తున్నాడు. నేను ఇంజను గట్టిగా రయ్‌మనిపించేసరికి ఒక పలక ఎగిరి ఆయన మోకాలికి తగిలింది. ఆయన నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చి, తల లోపలికి పెట్టి, చెంప మీద లాగి కొట్టాడు. "బండి తోలడం రాని ఎదవ్వి, లేహ్ ఎల్తావేటిరా నువ్వు! దిగు, ఆడోలు నయం" అన్నాడు. ముప్పై మందీ ఘొల్లున నవ్వారు.

మా అలవాటు చెప్పాను కదా. కానీ అన్నేళ్లలో ఆయన నన్ను పరాయివాళ్ల ముందు అలా కొట్టి, అలా నవ్వించింది లేదు. నా చెవులు మండిపోయాయి. వీణ్ని చంపేయాలి అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఇప్పుడు దాచడం దేనికి?

మూడోసారి పెద్దాయన "హైలెస్సా" అని ఎత్తుకున్నాడు. బండి గొయ్యిలోంచి పైకి లేచింది. సగం ఏటవాలు ఎక్కింది. ఇంతలో వెనక చక్రాలు మళ్లీ జారి తిరగడం మొదలుపెట్టాయి. వెనకనుంచి బావ అరిచాడు: "ఒగ్గీ! ఒగ్గీరా!"

మా రైతుల్లో ఆ మాటకి అర్థం ఇక చాలు, ఆపు అని. యాక్సిలరేటరు మీంచి కాలు తీయమని ఆయన చెబుతున్నాడు. నేను తీశాను, బ్రేకు నొక్కాను. బండి నిలబడింది. కానీ మోకు దగ్గర ఆ మాట వేరు. అక్కడ ఒగ్గీ అంటే తాడు వదలమని. మోకు ఎవరి కాలికో చుట్టుకుందేమో, అందుకే వెనక ఉన్నవాడు అరుస్తున్నాడేమో అని పెద్దాయన హడలిపోయాడు. "ఒగ్గీండి!" అని కేక పెట్టాడు. ముప్పై మందీ ఒక్కసారే మోకు వదిలేశారు.

అయినా బండి కదల్లేదు. నా కాలు బ్రేకు మీదే ఉంది. బ్రేకు బంగారం. అద్దంలో చూశాను. బావ చక్రం వెనక వంగి పలక లాక్కుంటున్నాడు, నన్ను బూతులు తిడుతున్నాడు. చెంప ఇంకా చురచుర మంటోంది. ఒగ్గీ అన్నావు కదూ, ఇదిగో ఒగ్గుతున్నాను, గంతులేసి పరిగెత్తు, వాళ్లు ఈసారి నిన్ను చూసి నవ్వుతారు అనుకున్నాను. కాలు తీశాను. మళ్లీ వెంటనే నొక్కాను. రెప్పపాటు, అంతే. కానీ అంత బరువు ఏటవాలులో కిందకి రావడానికి అది చాలు. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. తర్వాత బావ కేక. ఆ కేక రాయడం నాకు చేతకాదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో కాలు ఉంచారు గానీ మోకాలి కింద అంతా ఇనుపకడ్డీలే. ఆపరేషన్ గది బయట అక్క నా రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది. "ఏటైనాదిరా? సెప్పు, ఏటైనాది?"

"ఆ ముసిలోడు మోకు ఒగ్గీమన్నాడు. బ్రేకు పట్టలేదు" అన్నాను.

ఆ రెండు ముక్కలు చాలు. సాయంత్రానికల్లా మా వాళ్లు ఎనిమిది మంది మోటారు సైకిళ్ల మీద భావనపాడు బయల్దేరారు. నన్ను వెనక ఎక్కించుకున్నారు, మనిషిని చూపించడానికి. చూపించాను. పెద్దాయన పారిపోలేదు. వాళ్లు పడవలోంచి తెడ్డు లాగి ఆయన కుడి భుజం మీద కొట్టారు. ఇసకలో పడ్డాక కాళ్లతో తన్నారు. మిగతావాళ్లు అడ్డం రాబోతే ఆయనే వద్దన్నాడు. "నా తప్పే. ఆయన మాట నాను తప్పుగా ఇన్నాను. నా గొంతే సెరుపు సేసినాది" అంటూ చేతులు జోడించాడు. జోడించింది కొడుతున్న వాళ్లకి కాదు, నాకు. నేను పళ్లు బిగించి నిలబడ్డాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే ఆ తెడ్డు ఆగేది. అనలేదు. నా అంత పిరికివెధవ మా వంశంలో ఇంకొకడు పుట్టలేదు.

బావ ఇంటికొచ్చాక నేను రోజూ వెళ్లేవాణ్ని. మొదటి రోజు లోపలికి అడుగు పెట్టగానే ఆయన మంచం మీంచి నావైపు చూసి, "రండి. కూకోండి" అన్నాడు.

వేళాకోళమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. "టీ తాగుతారేటి?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఆయన మీరు అనడం అదే మొదలు. కావాలని దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ని, వీపు చూపించి కూర్చునేవాణ్ని. చెయ్యి లేచేది కాదు. కర్ర పట్టుకుని నడక నేర్చుకుంటూ తూలినప్పుడు పట్టుకోబోతే, "మీకెందుకండీ శ్రమ" అనేవాడు. దీనికన్నా నా కాలు కూడా విరగ్గొట్టి ఉంటే బాగుండును అనిపించేది. వ్యాను ఆయన కళ్లంలో టార్పాలిన్ కింద పడి ఉంది. లోపలి మంచం మీద కోళ్లు గుడ్లు పెట్టేవి. లేహ్ మాట ఎవరూ ఎత్తలేదు.

అలా మూడేళ్లు. ఒకరోజు మధ్యాహ్నం మా అక్క చేపల గంపామె దగ్గర బేరం చేస్తూ, నేను వింటున్నానని తెలిసే అడిగింది: "ఆ మోకు పెద్దాయన ఎలాగున్నాడే?"

గంపామె భావనపాడు మనిషే. చేపకి పొలుసు గీకుతూ చెప్పింది: "ఏటుంటాడమ్మా. మోకు ముట్టడం నేదు. ఆయన గొంతంటే మావోలకి బయిం. ఎప్పుడు తప్పు పిలుస్తాడో అని. అయినా పిలవమన్నా పిలవడు. వలలు కుట్టుకుని కూకుంటన్నాడు. మనిసి సగమైపోనాడు."

అక్క నావైపు తిరిగి చూసింది. నేరుగా కళ్లంలోకి వెళ్లాను. బావ వ్యాను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, కర్ర పక్కన పెట్టుకుని.

"బావా, ఆ రోజు బ్రేకు పట్టినాది" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు.

"మోకు ఒగ్గినా బండి కదల్నేదు. కాలు నానే తీసినాను. నువ్వు కొట్టినావని, ఆళ్లంతా నవ్వినారని. నువ్వు బయపడి గెంతుతావనుకున్నాను. కాలు పోతాదనుకోలేదు బావా."

కర్ర ఎప్పుడు లేచిందో చూడలేదు. మొదటి దెబ్బ మెడ దగ్గర పడింది. రెండోది చేతుల మీద. మూడోదానికి కర్ర రెండు ముక్కలైంది. ఆయన మిగిలిన ముక్కతోనే పొడుస్తూ, ఒంటికాలి మీద ఊగుతూ అరుస్తున్నాడు. "ఒరే దొంగనాయాలా! మూడేళ్లురా! ఆ బ్రేకులు నాను సూసిన బ్రేకులురా, ఆటికేటవుతాది? ఆసుపత్రిలో కళ్లు తెరిసిన రోజే తెలుసురా నాకు! ఎప్పుడు సెప్తావు, ఎప్పుడు సెప్తావు అని నీ మొకమే సూస్తన్నాను! నీ కడుపు మాడ, నువ్వు రోజూ వచ్చి టీ తాగి పోతన్నావు!"

ఒరే అన్నాడు. నువ్వు అన్నాడు. నేను నేల మీద పడి దెబ్బలు కాచుకుంటూ ఏడ్చాను. నొప్పికి కాదు. మా అక్క పరిగెత్తుకొచ్చి చూసి, ఆపకుండా, కళ్లం అంచునే నిలబడిపోయింది.

అలిసిపోయి ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "లే. బండి తియ్యి" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి? నాకు సెప్పీసినావు. ఆ ముసిలోడికి ఎవుడు సెప్తాడు, నీ తాత సెప్తాడేటి?"

బండి అంత తేలిగ్గా లేవలేదు. ట్రాక్టరు బ్యాటరీ పీకి పెట్టాం, టైర్లకి గాలి కొట్టించాం, కోళ్లని తరిమాం. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో ఆయన నన్ను ఎన్నిసార్లు కొట్టాడో లెక్కలేదు.

భావనపాడులో పెద్దాయన పడవ నీడలో వల కుడుతున్నాడు. కుడి చెయ్యి భుజం దాకా లేవడం లేదు, ఎడం చేత్తోనే నూలు లాగుతున్నాడు. నేను ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆయన సూది ఆపి విన్నాడు. నేను ముగించాక లేచి, తీరంలో ఉన్న వాళ్లందర్నీ పిలిచాడు. అందరూ వచ్చి నిలబడ్డాక, "మళ్లీ సెప్పు. గట్టిగా సెప్పు. ఈళ్లందరూ ఇనాల" అన్నాడు.

చెప్పాను. ఇసకలో నిలబడి, గొంతెత్తి, బ్రేకు పట్టింది, కాలు నేనే తీశాను, ఈయన పిలుపు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు అని చెప్పాను. నోరు మూసేలోపల ఒకతను ముందుకొచ్చి నా ముఖం మీద గుద్దాడు. తర్వాత ఇంకొకతను. బావ బండిలోంచి చూస్తూ కూర్చున్నాడు, కిందకి దిగలేదు. నేనూ చేతులెత్తలేదు. ముక్కు చితికి చొక్కా అంతా రక్తమయ్యాక పెద్దాయన "సాల్లే" అన్నాడు. అందరూ ఆగిపోయారు. ఆయన మాటకి వాళ్లు అలా ఆగడం మూడేళ్లలో అదే మొదటిసారట, తర్వాత తెలిసింది.

ఎండ వాలుతుండగా ఒక పడవ వచ్చింది. మోకు దగ్గరికి అందరూ చేరారు గానీ ఎవరూ పిలుపు ఎత్తుకోలేదు. అందరూ ఆయనవైపే చూస్తున్నారు. ఆయన వల పక్కన పెట్టి, గొంతు సవరించుకుని వెళ్లి నిలబడ్డాడు. మొదటి "హైలెస్సా" సగంలోనే పూడుకుపోయింది. రెండోది తీరమంతా వినిపించింది. ఎవరూ రమ్మనకపోయినా వెళ్లి మోకు చివర పట్టుకున్నాను. పడవ గట్టెక్కింది. "ఒగ్గీండి!" అన్నాడు. ముప్పై మందిమీ ఒక్కసారే ఒగ్గేశాం.

నా అరచేతులు చర్మం లేచిపోయి ఉన్నాయి. ఆయన వాటిని పట్టి చూసి, తన కుడి భుజం వైపు గడ్డంతో చూపించాడు. "ఇది వరకు పిలుస్తూ నానూ లాగీవోణ్ని. మీవోలు కొట్టిన కాడ్నించి ఈ బుజం లాగడం నేదు. మోకు మీద నా సోటు కాళీగా ఉన్నాది. రేపు బేగి రా."

మర్నాడు తెల్లవారకుండానే వ్యాను తీసుకుని బయల్దేరాను. బావ పక్క సీట్లో కూర్చుని, దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడు.